అడుగు తెగిన టేపు

నూట నలభై ఒకటి. గేటు బయట కూతపెడుతూ వెనక్కి వస్తున్న ఆ లారీ డ్రమ్ములో నూట నలభై ఒక్క ఘనపుటడుగుల కాంక్రీటు తిరుగుతోంది. మా ఇంటి పక్క సందుకీ, వెనక గుమ్మం ముందు గచ్చుకీ కలిపి కావలసింది తొంభై మూడు. ఈ సంగతి ఈ వీధి మొత్తంలో నాకొక్కడికే తెలుసు. విరిగి అతుక్కున్న తుంటిని దిండు మీద సర్దుకుని ముందుగది కిటికీ దగ్గర కూర్చున్నాను, చేతిలో కాఫీ గ్లాసుంది, ఇంత మంచి ఉదయం నాకు ఈ నాలుగు నెలల్లో రాలేదు. అల్లుడు కొత్త రబ్బరు బూట్లు తొడుక్కుని, చెవి మీద పెన్సిలు పెట్టుకుని, లారీకి చెయ్యి ఊపుతున్నాడు, రా, రా, ఇంకొంచెం రా. రానీ బాబూ, రానీ. ఇంకో గంటలో ఆ పెన్సిలు ఎక్కడ దాచుకుంటావో నేనూ చూస్తాను.

నన్ను అడగలేదు వాడు. అదీ నా కడుపుమంట. ముప్పై ఎనిమిదేళ్ళు కాంక్రీటు అంచనాలు వేసినవాణ్ణి, గది గుమ్మంలో నిలబడి ఒక్క చూపు చూసి గచ్చుకి ఎన్ని తట్టలు పడుతుందో చెప్పేవాణ్ణి, అలాంటివాణ్ణి ఎదురుగా కుర్చీలో పెట్టుకుని ఫోనులో చూశాడు. భోజనాల బల్ల దగ్గర, నా ముందే, నా ముద్ద గొంతులో ఉండగానే. "పొడవు కొట్టాలి, వెడల్పు కొట్టాలి, మందం కొట్టాలి, అంతే, అదే చెప్పేస్తుంది" అని మా అమ్మాయికి చూపించి మురిసిపోయాడు. వాడు కళ్ళద్దాల షాపులో పనిచేస్తాడు. వచ్చినవాళ్ళని కుర్చీలో కూర్చోబెట్టి, ఒక కన్ను మూయించి, గోడ మీద అక్షరాలు చదివిస్తాడు. ఇది బాగా కనిపిస్తోందా, ఇదా, ఇదా, అంటాడట రోజంతా. మంచివాడే, నోట్లో వేలు పెడితే కొరకలేడు, నాకు స్నానానికి నీళ్ళు తోడి పెడతాడు, నా చెప్పులు సరిగ్గా నా కాళ్ళ ముందుకు జరుపుతాడు. అందుకే మరీ ఒళ్ళు మండుతుంది. చెప్పులు జరిపే మనిషికి ఒక మాట అడగడం రాదా? మామయ్యా, దీనికి ఎంత పడుతుందంటారు? ఇంతే కదా. నేను కళ్ళు మూసుకుని, ఆరుసార్లు ఊపిరి తీసుకుని, ఇంత పడుతుంది అని చెప్పేవాణ్ణి, వాడు ఫోను పక్కన పడేసేవాడు, మా అమ్మాయి నావైపు చూసేది. అదేమీ జరగలేదు. వాడు అడిగింది ఒక్కటే. "మామయ్యా, టేపుందా?"

ఉంది. నా సొరుగులో ఉంది, తీసుకో, అన్నాను. ఒక్క ముక్క అబద్ధం చెప్పలేదు. టేపుందా అంటే ఉంది. అది ఎలాంటి టేపో అడగలేదు, నేను చెప్పలేదు. ఇరవై ఆరేళ్ళ కిందట రోడ్డు పని దగ్గర దాని కొన మీదుగా రోలరు వెళ్ళిపోయి మొదటి అడుగు నలిగి ముద్దయిపోతే, రేకు కత్తెరతో సరిగ్గా పన్నెండో అంగుళం దగ్గర కత్తిరించి, కొక్కెం మళ్ళీ అక్కడే బిగించాను. కొక్కెం తరువాత మొదలయ్యే అంకె పదమూడు. ఎవరు చూస్తారు మొదలు? కొక్కెం గోడకి తగిలించి అందరూ చివర చూస్తారు. మంచి ఉక్కు, ఇప్పుడు అలాంటిది దొరకదు, పారెయ్యబుద్ధి కాలేదు. అప్పటినుంచి ఏం కొలిచినా ఒక అడుగు తీసెయ్యాలి. కిటికీ తెరలు, మంచం, బీరువా, ఏదైనా సరే. మా ఇంట్లో అది శ్వాస తీసుకోవడంలాగా అలవాటైపోయింది, నేను అంకె చెప్పేవాణ్ణి, వంటింట్లోంచి నా భార్య "తీసేశారా?" అనేది, తీసేశానే అనేవాణ్ణి. వాడికెలా తెలుస్తుంది? వాడు ఈ ఇంటికొచ్చి నాలుగు నెలలు.

నలభై అడుగుల సందు వాడికి నలభై ఒకటైంది. అయిదడుగుల వెడల్పు ఆరైంది. గచ్చు పది ఎనిమిది కాస్తా పదకొండు తొమ్మిది. మందం మాత్రం నాలుగంగుళాలని ఫోనే చెప్పింది, కాంక్రీటుకి అంచు కట్టే పలకలు కూడా కొట్లో నాలుగంగుళాలవే ఇచ్చారు, కాబట్టి అక్కడ టేపు అక్కర్లేకపోయింది, లేకపోతే ఆ పదహారు చూసి గుడ్డివాడికైనా అనుమానం వచ్చేది. వృథాకని పైన పదో వంతు కలపమంది ఫోను, కలిపాడు. లారీవాళ్ళు సగాలు ఇవ్వరు, నిండు ఘనపు మీటర్లే ఇస్తామన్నారు, నాలుగుకి తోశాడు, అదే ఆ నూట నలభై ఒకటి. తప్పు మీద తప్పు అలా పేరుకుంటూ ఉంటే నేను పత్రిక చదువుతున్నట్టు నటిస్తూ పేజీ తిప్పడం మరిచిపోయాను. మొన్న పలకలు బిగించేటప్పుడైతే నవ్వాపుకోలేక దగ్గాను. టేపుతో కొలిచి కోయించుకొచ్చిన ప్రతి అడ్డపలకా ఒక అడుగు పొడుగొచ్చింది. వాడు దాన్ని సందులో పెట్టి, అటు తిప్పి, ఇటు తిప్పి, తల గోక్కుని, రంపం తెచ్చి కోసి, ఆ ముక్క పక్కన పడేసి, ఇంకోటి తెచ్చి మళ్ళీ అదే. నాలుగు పలకలు, నాలుగు ముక్కలు. అన్నీ అడుగే. అయినా వాడికి తట్టలేదు, కొట్టువాడు పొడుగు కోశాడనుకున్నాడు, పాపం కొట్టువాణ్ణి తిట్టను కూడా తిట్టలేదు.

పోస్తున్నారు. ఇద్దరు కూలీలు తోపుడు బండ్లతో సందులోకి వెళ్ళి వస్తున్నారు, మొదట వెనక గచ్చు, తరువాత సందు, అటునుంచి ఇటు గేటు దాకా. ఆ చప్పుడు నాకిష్టం, డ్రమ్ము లోపల కంకర దొర్లే చప్పుడు, తడి బూడిదరంగు వాసన, పార గీరుకోవడం. ఒక్కో బండి రెండున్నర. లెక్కపెడుతున్నాను. పన్నెండు బండ్లు వెళ్ళాయి, ముప్పై. వాడు చదును చేసే కర్ర పట్టుకుని కూలీలకి అడ్డం పడుతున్నాడు, వాళ్ళు మర్యాదగా పక్కకి తప్పుకుంటున్నారు. నేను చెప్పబోయే మాట తయారుచేసి పెట్టుకున్నాను. గట్టిగా అనకూడదు, నవ్వకూడదు. డ్రైవరు వినేంత, మా అమ్మాయి వినేంత. "ఏం బాబూ, కొంచెం ఎక్కువైనట్టుందే?" అంతే. వాడు నీళ్ళు నములుతాడు. ఎలా జరిగింది మామయ్యా అంటాడు. అప్పుడు అడుగుతాడు, నన్ను, అందరి ముందూ. అప్పుడు టేపు తెమ్మంటాను, కొక్కెం దగ్గర చూపిస్తాను, మొదలు చూసుకోవాలి బాబూ, అంటాను. ఆ మాట ఈ వారంలో ఎన్నిసార్లు అనుకున్నానో, పళ్ళు తోముకుంటూ కూడా అనుకున్నాను.

తప్పుని పండనివ్వాలి. ఉద్యోగంలో నేను నేర్చుకున్నది అదే. కాగితం మీదున్నప్పుడు ఎత్తిచూపితే, అవునండీ అని చెరిపేసి దిద్దుకుంటాడు, నీకేం మిగులుతుంది? పొయ్యడం మొదలయ్యేదాకా ఆగాలి. ఒకసారి పొట్టి మేస్త్రీ అని ఒకడు రెండో అంతస్తు కప్పుకి దూలాల లోతు కలపడం మరిచిపోయాడు. ముందురోజే చూశాను, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. మర్నాడు మధ్యాహ్నానికి కప్పు మూడొంతులు నిండింది, సరుకు అయిపోయింది, ఇంకో లారీ వచ్చేసరికి మొదటిది గట్టిపడింది, ఆ అతుకు దగ్గర కప్పు జీవితాంతం కారుతుంది. పొట్టి మేస్త్రీ కప్పు అంచున గొంతుక్కూర్చుని చేతులవైపు చూసుకున్నాడు. అప్పుడు కాగితం తీసి చూపించాను. ఇంజనీరు నా భుజం తట్టాడు. ఇంటికొచ్చి చెప్తే నా భార్య ఉల్లిపాయలు తరుగుతూ, "లెక్క తప్పితే మీకెంత సంతోషమండీ, అది మీది కానంతవరకూ" అంది. పొట్టి మేస్త్రీ మళ్ళీ మా పనుల్లో కనిపించలేదు. అతని చేతులు మాత్రం గుర్తున్నాయి, సున్నం తినేసిన వేళ్ళ చివర్లు తెల్లగా.

మా అమ్మాయి గేటు దగ్గరకొచ్చింది. చీర కొంగు నడుముకి దోపుకుని, కూలీలకి మంచినీళ్ళ చెంబు పట్టుకుని. దానికి వాళ్ళమ్మ నడక వచ్చింది. ఏడేళ్ళప్పుడు దాన్ని ఆ తలుపు చట్రానికి నిలబెట్టి కొలిచాను, ఈ టేపుతోనే. నాలుగడుగుల తొమ్మిదంగుళాలు అన్నాను. దాని మొహం దీపం పెట్టినట్టయింది. వీధంతా పరిగెత్తింది, నేను నాలుగున్నర కంటే ఎక్కువ, నేను మా అన్నయ్యలందరికంటే పొడుగు, అని ఇల్లిల్లూ చెప్పొచ్చింది. నేను ఆపలేదు. సాయంత్రం మా అన్నదమ్ముల పిల్లలందరూ వచ్చి చట్రం చుట్టూ చేరాక, వాళ్ళ ముందే, గీత పక్కన పెన్సిలుతో రాసిన అంకె కింద ఇంకో అంకె రాసి, "తీసెయ్యాలమ్మా ఒక అడుగు" అన్నాను. ఎంత నవ్వారో పిల్లలు. నేనూ నవ్వాను. అది ఏడవలేదు, ఆ రెండు అంకెలవైపూ మార్చి మార్చి చూసింది, తరువాత వాళ్ళమ్మ వచ్చి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. తమాషాకి చేశాను. పిల్లలతో తమాషా చెయ్యకూడదా? అంకెలు ఇప్పటికీ ఉన్నాయి, రంగు వేసినప్పుడు కూడా మా అమ్మాయి చెరపనివ్వలేదు.

ముప్పై బండ్లు. సందు సగం దాటింది, తడిగా మెరుస్తోంది. ఆ సందు ఇలా వేయించమని నా భార్య పద్దెనిమిదేళ్ళు అడిగింది. వానొస్తే అక్కడ బురద పాదం మునిగేంత, ఆరేసిన బట్టలు తేవాలంటే అదే దారి. వేయిస్తానే అనేవాణ్ణి. వేయించలేదని అనుకోకండి, అంచనా వేశాను, ఒక్కసారి కాదు, పాత కవర్ల వెనక, పత్రిక అంచున, ఎన్నోసార్లు, ఎప్పుడేసినా తొంభై మూడే వచ్చేది, ఒక్కసారి కూడా తప్పలేదు. అంచనా వెయ్యడం నా పని. పొయ్యడం వేరేవాళ్ళ పని. మూడేళ్ళ కిందట బట్టల బుట్టతో ఆ బురదలోనే జారింది. నడుము పోయింది, ఏడు నెలలు మంచం మీదుంది, తరువాత లేదు. ఆ ఏడు నెలల్లో ఒక్కసారైనా ఆ సందు మాట ఎత్తలేదు, అది నాకు మరీ కష్టంగా ఉండేది, ఎత్తితే ఏదో ఒక జవాబు చెప్పుకునేవాణ్ణి. నాలుగు నెలల కిందట నేను కూడా అక్కడే జారాను. తుంటి విరిగింది. మా అమ్మాయి, అల్లుడు సామాన్లతో వచ్చి దిగారు. వాడు వచ్చిన మొదటివారమే సందు చివర నిలబడి, "దీన్ని ముందు బాగుచెయ్యాలి" అన్నాడు. ఎంత తేలిగ్గా అన్నాడో.

అయిపోయింది. సందు గేటు దాకా నిండింది. నలభయ్యో బండి కొంచెం వెలితిగానే వెళ్ళింది, నేల ఎగుడుదిగుళ్ళకీ ఒలికినదానికీ ఆరు పోయింది, నేను అనుకున్నట్టే. కూలీలు నడుములు నిఠారు చేశారు. అల్లుడు చేతులు దులుపుకుని డ్రైవరు వైపు నవ్వుతూ చూశాడు, అయిపోయిందనుకుని. డ్రైవరు డ్రమ్ము లోపలికి తొంగిచూసి, "ఇంకా ఉంది సార్" అన్నాడు.

"ఉందా? ఎంతుంది?"

"మీటరు పైనే ఉంటుంది."

వచ్చేసింది ఆ క్షణం. వాడి మొహం నేను ఊహించుకున్నట్టే అయింది, ఇంకా బాగా అయింది. ఫోను తీశాడు, వేలితో పైకీ కిందకీ జరిపాడు, పెన్సిలు చెవి మీంచి జారి తడి కాంక్రీటులో పడింది, తీసుకోలేదు. నేను గొంతు సవరించుకున్నాను. కిటికీ ఊచ పట్టుకుని ముందుకి వంగాను. డ్రైవరు నా కంటే ముందు అన్నాడు, "తిరిగి తీసుకెళ్ళడం కుదరదు సార్, డ్రమ్ములో గట్టిపడిపోతుంది. ఎక్కడ పొయ్యాలో చెప్పండి, ఇక్కడే ఖాళీ చేసి వెళ్తా."

ఎక్కడ? ముప్పై ఎనిమిదేళ్ళలో మిగిలింది ఎక్కడికి పోతుందని నేనెప్పుడూ అడగలేదు. మిగులు నా కాగితం మీద చివరి గడి, దాని కింద సంతకం, అంతే. ఎవరో ఎక్కడో పారబోసేవారు. తయారుచేసి పెట్టుకున్న మాట అక్కడే వదిలేశాను. కళ్ళు మాత్రం ఆగలేదు, అలవాటు కదా, కొలవడం మొదలుపెట్టాయి. వీధిలో పొయ్యలేరు. సందు నిండింది. లారీ జారుడు తొట్టి ఎంతదూరం తిరుగుతుంది? గేటుకి అటుపక్క అల్లుడు కాయగూరలకని తవ్వుకున్న మడి ఉంది. ఇటుపక్క, నా కిటికీ కింద, చామంతి పాదు. పద్నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, చుట్టూ నేనే పేర్చిన ఇటుకల గట్టు, మట్టికి తొమ్మిదంగుళాల ఎత్తు. పద్నాలుగు నాళ్ళు యాభై ఆరు. దానికి ముప్పాతిక. నలభై రెండు. డ్రమ్ములో మిగిలింది నలభై రెండు. నేను అడగకుండానే లెక్క వచ్చి కూర్చుంది.

నా భార్య పెట్టిన పాదు. ఇది పూసే కాలం కాదు, చూడ్డానికి ఎండుపుల్లల్లా ఉంటాయి, మొదలు దగ్గర మాత్రం పిలకలు వేస్తాయి, ఏటేటా అవే పిలకలు, ఆమె నాటినవే. రోజూ సాయంత్రం కర్ర పట్టుకుని వెళ్ళి, దాని పక్కన కుర్చీ వేసుకుని, గొట్టంతో నీళ్ళు పడతాను. కుర్చీ కాళ్ళు మట్టిలో దిగుతాయి. ఆ గంట ఎవరూ నన్ను పలకరించరు. ఆమెకి ఏమీ చెప్పను, ఏం చెప్పాలి, నీళ్ళు పడతాను.

మా అమ్మాయి కిటికీ దగ్గరకొచ్చింది. చెంబు గట్టు మీద పెట్టి, చంకలోంచి ఆ నాలుగు పలక ముక్కలు తీసి కిటికీ అంచున పక్కపక్కన నిలబెట్టింది. నాలుగూ ఒకే ఎత్తు. వాటి ముందు టేపు పెట్టింది.

"అన్నీ అడుగే నాన్నా" అంది, అల్లుడికి వినపడకుండా. "మొన్న కోస్తుంటేనే చూశాను. ఇవాళ పొద్దుటిదాకా ఆగాను, నువ్వు చెప్తావేమోనని."

నేను కాఫీ గ్లాసు ఆ ముక్కల పక్కన పెట్టాను.

"ఇప్పుడతను వచ్చి అడుగుతాడు. నీ పాదులో పొయ్యమని నేనే చెప్పాను. నీకు వద్దనిపిస్తే వద్దని చెప్పు, నీ ఇష్టం. అప్పుడు ఈ టేపు సంగతి నేను చెప్తాను."

"అమ్మ మొక్కలమ్మా అవి."

"అమ్మ అడిగింది సందు నాన్నా."

టేపు చేతిలోకి తీసుకుని పక్కకి తప్పుకుంది. కొక్కెం కొంచెం లాగి వదిలింది, టక్కున లోపలికి పోయింది, మళ్ళీ లాగింది. దాని మొహంలో కోపం లేదు. చట్రం దగ్గర రెండు అంకెలవైపు చూసినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. తప్పుని పండనివ్వడం నేను నేర్చుకున్నది ఉద్యోగంలో, మా అమ్మాయి నేర్చుకున్నది నా దగ్గరే.

అల్లుడు వచ్చాడు. మొహమంతా సిమెంటు చుక్కలు, తల కొట్టేసినట్టున్నాడు. "మామయ్యా, లెక్కలో ఎక్కడో పప్పులో కాలేశాను. చాలా మిగిలిపోయింది. ఇటుపక్క పాదులో పోయించమంటోంది మీ అమ్మాయి, ఎండిపోయిన మోళ్ళేనట కదా. మీరు కుర్చీ వేసుకునేది అక్కడే, కాళ్ళు మట్టిలో దిగకుండా ఉంటాయి. మీకిష్టం లేకపోతే చెప్పండి, నా మడిలో పోయించేస్తాను. నాకేముంది, ఇంకోచోట తవ్వుకుంటా."

ఆ మాట నిజంగానే అన్నాడు. ఒక్క మాట చాలు. వద్దు బాబూ, నీ మడిలో పొయ్యి, నీ లెక్క తప్పలేదు, టేపు తప్పు, టేపు ఇచ్చింది నేను. నాలుక చివరికి వచ్చింది. వాడి వెనక డ్రైవరు, ఇద్దరు కూలీలు, అందరూ నావైపే చూస్తున్నారు. నా లెక్క ఎన్నడూ తప్పలేదని వాళ్ళకి తెలియదు, కానీ నాకు తెలుసు. వాళ్ళ ముందు మొదటిసారి, ఈ తుంటితో, ఈ కిటికీలోంచి, కళ్ళద్దాల షాపువాడికి జవాబు చెప్పుకోవడమా?

"పాదులోనే పొయ్యి" అన్నాను.

"ఎంత మందం పడుతుందంటారు?"

అడిగాడు. చివరికి అడిగాడు.

"తొమ్మిదంగుళాలు. గట్టు దాకా."

తొట్టి ఇటు తిరిగింది. నేను మొహం తిప్పుకోలేదు, తిప్పుకుంటే మా అమ్మాయి చూస్తుంది. మొదటి ధార మధ్యలో పడింది, పుల్లలు విరిగిన చప్పుడు కూడా రాలేదు, వంగి లోపలికి పోయాయి. అంచున ఆకుపచ్చ పిలకలు కొన్ని కాసేపు పైకి కనిపించాయి, కూలీ పారతో అటు లాగేసరికి అవీ పోయాయి. డ్రమ్ము చివరిసారి తిరిగి వట్టి చప్పుడు చేసింది. గట్టుకి సరిగ్గా సమానం. చుక్క ఒలకలేదు, చుక్క తగ్గలేదు.

"భలే చెప్పారు మామయ్యా" అన్నాడు అల్లుడు. చదును కర్రతో నిలబడి ఎంత సంబరపడుతున్నాడో. "ముందే మిమ్మల్ని అడగాల్సింది. అడిగితే ఆ కాలుతో లేచి కొలవడానికి సందులోకి వస్తారని భయపడ్డాను. మళ్ళీ పడతారని." తరువాత ఏదో గుర్తొచ్చినట్టు ఆగాడు. "దీనికి వారం రోజులు నీళ్ళు పట్టాలట కదా, లేకపోతే పగుళ్ళొస్తాయట. సందుకి నేను పడతాను. ఇది మీరు చూసుకుంటారా? రోజూ ఇక్కడ నీళ్ళు పట్టేది మీరే కదా."

"నాన్నే పడతాడు" అంది మా అమ్మాయి. టేపు నా ఒళ్ళో పెట్టి చెంబు తీసుకుని లోపలికి వెళ్ళింది.

పడతాను. రేపటినుంచి ఏడు రోజులు, రోజుకి రెండు పూటలు, పద్నాలుగు సార్లు. ఈ లెక్కలోంచి తీసెయ్యడానికి ఏమీ లేదు.